నేను పెట్టిన పేర్లు

మార్చి 9, సోమవారం

తమ్ముడు కొంప ముంచాడు. ఇంతకన్నా మర్యాదగా రాయడం నా వల్ల కాదు. నా డైరీలో నాకు మర్యాద దేనికి?

పొద్దున వెనక సందు తలుపు తీసి, చెక్కతలల మీద కప్పిన గుడ్డలు దులుపుతుంటే ఫోన్ మోగింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసే ఆవిడ. పదేళ్లుగా మా దగ్గరే తల చేయించుకుంటోంది. (మా షాపులో విగ్గు అనం, తల అంటాం. అమ్మ నేర్పిన మాట.) ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఇవాళా పెంచలేదు. "సగం బోడి గుమాస్తా అంటే నేనేనా అండీ?" అని అడిగింది. నేను ఏదో అనేలోపే పెట్టేసింది.

కంప్యూటర్ తెరిచి చూశాను. ఎండాకాలం వస్తోంది, పాత తలలు తెచ్చిస్తే ఉతికి సర్ది ఇస్తాం అంటూ తమ్ముడు తయారుచేసిన మెయిల్. శనివారం సాయంత్రం వెళ్లింది. డెబ్భై ఒక్కమందికి ఒకేసారి వెళ్లింది. పైన 'ఎవరికి' అన్న వరసలో డెబ్భై ఒక్క అడ్రసులూ బారులు తీరి ఉన్నాయి. ప్రతి అడ్రసు పక్కనా నేను కంప్యూటర్లో రాసుకున్న గుర్తు పేరు. సగం బోడి గుమాస్తా. కనుబొమల్లేని లాయరు. సూదిమందు బామ్మ. నాలుగు వెంట్రుకల హెడ్మిస్ట్రెస్. ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి నాకోసం నేను పెట్టుకున్న పేర్లు. ఇప్పుడు అందరి పేర్లూ అందరికీ కనబడ్డాయి.

ఒకరి మొహం ఒకరు చూడకుండా ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ సందులోంచి వచ్చి వెళ్లిన మనుషులు. వాళ్లందర్నీ ఒకే తాటికి కట్టి వీధిలో నిలబెట్టాడు. వాడు ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. షాపుకి పేజీ పెట్టాడు, ఎవరైనా విగ్గుల కోసం వెతికితే మన షాపే ముందు కనబడేలా చేశాడు, ఇదిగో ఈ మెయిల్ ఒకటి మొదలుపెట్టాడు. ఎవడు చెయ్యమన్నాడు? ఊరికే ఉన్న ప్రాణానికి ఉరి తెచ్చి పెట్టాడు.

వాడు ట్రైనింగ్ అని శనివారం దాకా వేరే ఊళ్లో ఉంటాడు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్. ఉండు నాయనా, ఉండు.

మార్చి 10, మంగళవారం

పదకొండుమంది ఫోన్ చేశారు. ఆ అమ్మాయి చెయ్యలేదు.

మార్చి 11, బుధవారం

ఆ అమ్మాయి ఫోన్ స్విచాఫ్. పొద్దున్నించి నాలుగుసార్లు చేశాను.

మధ్యాహ్నం ముందు గది షట్టర్ సగం దించి ఇది రాస్తున్నాను. ముందు గదిలో దువ్వెనలు, క్లిప్పులు, రిబ్బన్లు అమ్ముతాం. బోర్డు మీద కూడా అవే. అసలు పని వెనక గదిలో. అమ్మ ఈ షాపు పెట్టినప్పుడు పెట్టిన కట్టుబాటు అది. తల చేయించుకునేవాళ్లు వెనక సందులోంచి రావాలి. కొలతల పుస్తకంలో ఎవరి పేరూ రాయకూడదు. బయట ఎక్కడైనా కనబడితే వాళ్లు పలకరిస్తేనే పలకాలి, లేకపోతే ముందు నడిచిపోవాలి. ఒకసారి పెళ్లి విందులో మా కస్టమర్ నా పక్క కుర్చీలోనే కూర్చుంది. మా ఇద్దరికీ పరిచయం చేశారు. "మిమ్మల్ని కలవడం సంతోషం" అనుకుని, ఇద్దరం అన్నం తిన్నాం.

పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. తల చుట్టుకొలత, పాపిడి ఎటువైపు, నుదుటి అంచు బొమ్మ, రంగు కోసం వాళ్ల సొంత వెంట్రుకల కుచ్చు ఒకటి, టేపుతో అంటించి. ఆ కుచ్చు చూస్తే చాలు, అమ్మకి మనిషి గుర్తొచ్చేస్తుంది. నాకంత జ్ఞాపకం ఎక్కడ చచ్చింది? అందుకని గుర్తు పేర్లు. పుస్తకంలో పెన్సిల్‌తో మొదలుపెట్టాను. తర్వాత కంప్యూటర్లో అడ్రసులు ఎక్కించేటప్పుడు కూడా అవే ఎక్కించాను. పేర్లు రాయకూడదన్న కట్టుబాటు నేను తప్పలేదు. ఎవరైనా పుస్తకం చూసినా ఎవరో తెలియకూడదనే కదా.

ఆ అమ్మాయి పద్నాలుగో ఏట వాళ్లమ్మతో వచ్చింది. చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది. జబ్బుతో రాలిన జుట్టు కాదు. తనకే తెలియకుండా ఒక్కో వెంట్రుకా పీక్కుంటుంది. మాడు మీద అరచేయంత ఖాళీ. వాళ్లమ్మ ఏడుస్తుంటే ఆ పిల్ల ఆవిడని ఓదార్చింది. పదకొండేళ్లలో ఆరు తలలు చేశాను తనకి. ప్రతిదాంట్లో కుడి చెవి వెనక, లోపలివైపు, ఒక చిన్న దారప్పోగు వదులుతాను. చెయ్యి ఊరుకోనప్పుడు దాన్ని లాక్కోమని. ఆ పోగు సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు బళ్లో సంగీతం టీచరు. అక్కా, నువ్వు అంటుంది నన్ను.

కంప్యూటర్లో తన పేరు: పీక్కునే పిల్ల. పక్కన ఉన్నది బడివాళ్లు ఇచ్చిన అడ్రసు. దాంట్లో తన పూర్తి పేరు ఉంటుంది.

తమ్ముణ్ణి చెప్పుతో కొట్టినా పాపం లేదు.

మార్చి 12, గురువారం

షాపు గురించి వెతికితే వచ్చే పేజీలో అయిదు చుక్కలకి ఒక్క చుక్క పెట్టి ఎవరో రాశారు: "ఇక్కడ మీ వెనక మీకు పేర్లు పెడతారు. వెళ్లేముందు ఆలోచించుకోండి." రాసినవాళ్లది దొంగ పేరు. కానీ ఆ వాక్యం తూకం చూస్తే తెలిసిపోయింది. లాయరమ్మ. ఇంకెవరు రాస్తారలా?

అక్కడే, షాపు పేరు మీదే జవాబిచ్చాను. "మీరెవరో నాకు తెలుసు. మీ తల ఇరవై ఒకటిన్నర అంగుళాలని కూడా తెలుసు. ఇన్నేళ్లు ఇక్కడే చేయించుకున్నప్పుడు లేవని నోరు ఇప్పుడు లేస్తోందా?"

సోమవారం తర్వాత ఇవాళే కడుపునిండా తిన్నాను.

కంప్యూటర్ పైన గోడకి తమ్ముడు అంటించిన కాగితం ఉంది. వైద్యుడు రాసిచ్చిన పథ్యంలాగా. ఎవరైనా చెడ్డగా రాస్తే ఒక రోజు ఆగి జవాబివ్వాలట. జవాబు పొట్టిగా, మర్యాదగా ఉండాలట. కస్టమర్ సంగతులు ఒక్కటి కూడా బయటపెట్టకూడదట. కోపంలో ఉన్నప్పుడు ఏదీ పంపకూడదట. ఫొటో పెట్టాలంటే ముందు అడగాలట. ఇంకా కింద చాలా ఉంది, చిన్న అక్షరాలు, నేను చదవలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

మార్చి 13, శుక్రవారం

లాయరమ్మే ఫోన్ చేసింది. అది తను రాయలేదట. "నేను రాయాలనుకుంటే నా పేరుతోనే రాస్తాను. మీరు ఆ జవాబు తీసెయ్యండి, ఇప్పుడే తీసెయ్యండి" అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేను కూడా నాలుగు అనేదాన్ని.

రాసింది గుమాస్తా ఆవిడ చెల్లెలట. ఆవిడ తల నేనెప్పుడూ కొలవనే లేదు. నా జవాబు కింద ఇప్పుడు ఇంకో పదహారుమంది రాశారు. ఇక్కడ తల కొలిచి, ఆ కొలతలతో బెదిరిస్తారని ఒకడు. వాడెవడో మా సందు మొహం చూసి ఎరగడు.

తీసేద్దామని ఏదో నొక్కితే నా జవాబు ఇంకోసారి పడింది. మళ్లీ నొక్కితే మూడోది పడింది. అమ్మ లోపల్నించి, ఈ వారం సందు తలుపు చప్పుడే లేదేమిటే అంది. ఎండకి అన్నాను.

మార్చి 14, శనివారం

తమ్ముడు బస్సు దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా వచ్చాడు. సంచి భుజం మీదే ఉంది. ముందు ఆ మూడు జవాబులూ తీసేశాడు. తర్వాత వెళ్లిన మెయిల్ తెరిచాడు. తను తయారుచేసి పెట్టిందీ తెరిచాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను సూది పట్టుకుని పాపిడి దగ్గర ముడులు వేస్తున్నాను. ఒక్క ముడీ సరిగ్గా పడలేదు.

నాకేసి ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. పోనీ ఏదైనా అనొచ్చు కదా. మౌనంగా ఉండి పెద్దమనిషి అనిపించుకోవడం చిన్నప్పట్నించీ వాడికి అలవాటు.

అమ్మ వచ్చి ఏమైందిరా అంది. వాడు తడుముకోకుండా, "నా పొరపాటేనమ్మా. మెయిల్ తప్పుగా పంపాను" అన్నాడు. అమ్మ వాణ్ణి అరగంట తిట్టింది. తల వంచుకుని విన్నాడు. నేను ముడులు వేస్తూనే ఉన్నాను.

అమ్మ వెళ్లాక, అందరికీ పంపడానికి ఇంకో మెయిల్ రాశాడు. ఈసారి ఒక్కొక్కరికి విడిగా. "సాంకేతిక పొరపాటు వల్ల" అని మొదలైంది. నాకు ఒళ్లు మండింది. సాంకేతికం ఏం చేసింది పాపం, అది నోరులేనిది కాబట్టి దాని మీద తోసేస్తావా అన్నాను.

"మరెవరి మీద తొయ్యమంటావక్కా?" అన్నాడు.

లోపలికి వెళ్లి గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను.

మార్చి 15, ఆదివారం

తప్పు వాడిదే. గుర్తు పేర్లు అక్కడ ఉన్నాయని తెలిసినవాడు ముందే తీసెయ్యాలి కదా. తీద్దామనే అనుకున్నానంటాడు. అనుకుంటే పనులవుతాయా?

మార్చి 16, సోమవారం

హెడ్మిస్ట్రెస్ వచ్చింది. ముందు తలుపులోంచి. షాపులో క్లిప్పులు కొనుక్కునే ఇద్దరు ఆడవాళ్లు ఉండగానే గట్టిగా, "నా పేజీ చూడాలి" అంది. వెనక గదిలోకి తీసుకెళ్లాను. కుర్చీలో కూర్చుని, తల తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను పదమూడేళ్లుగా చూస్తున్న తలే. ఇవాళ అటు చూడలేకపోయాను.

"నాలుగు వెంట్రుకలే. నిజమే. మీ లెక్క తప్పలేదు. నేను దీనికోసం రాలేదు" అంది.

సంగీతం టీచరు వాళ్ల బళ్లోనే పనిచేస్తుందని నాకు తెలుసు. ఇద్దరికీ చెరో రోజు ఇచ్చి, సందులో ఎదురుపడకుండా చూసుకున్నది నేనే. ఇద్దరి తలలూ ఒకే అరలో పక్కపక్కనే ఉండేవి, వాళ్లకి మాత్రం తెలియదు. మెయిల్ వచ్చిన డెబ్భై ఒక్కరిలో ఆ బడి పిల్లాడి తల్లి ఒకావిడ ఉందట. ఆ వరస మొత్తం ఫొటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టిందట. తన అడ్రసు మాత్రం కత్తిరించుకుందట. బుధవారం పాటల క్లాసులో రెండో తరగతి పిల్ల లేచి, టీచర్ టీచర్, మీరు జుట్టు పీక్కుంటారటగా, నొప్పి పుట్టదా అని అడిగిందట. అడగడంలో ఆ పసిదానికి ఎకసెక్కం లేదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది. క్లాసు నవ్వింది. ఆ అమ్మాయి పాట చివరిదాకా నేర్పి, గంట కొట్టాక వచ్చి సెలవు చీటీ ఇచ్చి వెళ్లిపోయిందట. ఆ తర్వాత రాలేదట.

"సాంకేతిక పొరపాటని వచ్చింది మీ దగ్గర్నించి. దానికి బాధ్యులెవరండీ?" అని అడిగింది.

మా తమ్ముడు అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. స్పష్టంగా అన్నాను. ఆవిడ తల పెట్టుకుని, అద్దంలో సరిచూసుకుని, ముందు తలుపులోంచే వెళ్లింది.

మార్చి 17, మంగళవారం

ఇది ఎవరూ చదవరు. అందుకని రాస్తాను.

ఈ నెల ఏడో తేదీ, శనివారం. ముందు గది షట్టర్ దించబోయే ముందు. పొద్దున తమ్ముడు ఫోన్లో చెప్పాడు, మెయిల్ తయారైంది గానీ ఇప్పుడు పంపొద్దక్కా అని. ముందు ఒక్కొక్కరినీ మెయిల్ రావడం ఇష్టమేనా అని అడగాలి, వద్దన్నవాళ్లని తీసెయ్యాలి, ఆ గుర్తు పేర్లు కూడా మార్చాలి, నేను వచ్చాక చేద్దాం, అప్పటిదాకా నువ్వు ముట్టుకోకు అన్నాడు.

ఆ ముట్టుకోకు అన్న మాట గుచ్చుకుంది. పందొమ్మిదేళ్లుగా ఒక్కో వెంట్రుకా కొక్కెం సూదితో లాగి ముడేసి, కళ్లు పోగొట్టుకుని ఈ షాపు నిలబెట్టింది నేను. ఒక్క ముడి వెయ్యడం రానివాడు నన్ను ముట్టుకోవద్దంటాడా? అమ్మేమో ఆ మధ్య చుట్టాలతో, షాపుని పైకి తెచ్చింది మా అబ్బాయే, వాడి పేజీ వల్లే ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారు అంది. నేను అక్కడే కూర్చుని ముడులు వేస్తుంటే అంది.

తెరిచాను. 'ఎవరికి' అన్న చోట మా షాపు అడ్రసొక్కటే ఉంది. కింద బీసీసీ అని ఇంకో వరస, డెబ్భై ఒక్కమందీ అందులో. మేధావి, మనకి మనమే ఉత్తరం రాసుకుంటున్నాడు, జనాన్నేమో కింద పారేశాడు అని నవ్వుకున్నాను. ఇలాంటివాడినా అమ్మ నెత్తిన పెట్టుకుంది అనుకున్నాను. వాళ్లందర్నీ కింద వరసలోంచి తీసి పై వరసలో అతికించాను. ఒక్కటీ జారిపోలేదు కదా అని సరిచూశాను కూడా. డెబ్భై ఒకటీ లెక్కకొచ్చాక పంపాను. వాడి తప్పు దిద్దానన్న సంబరంతో టీ పెట్టుకుని తాగాను.

ఆ కింది వరస ఉన్నదే ఒకరి అడ్రసు ఇంకొకరికి కనబడకుండా దాచడానికట. గోడ మీద కాగితంలో రాసే ఉంది. ఇవాళ చదివాను. ఆరో వాక్యం. మా వెనక సందు తలుపులాంటిదే అది కూడా. నేను దాన్ని మూసేసి, అందర్నీ వీధి తలుపులోంచి తోలాను.

తొమ్మిదో తేదీ పేజీ తిప్పి చూశాను. "వెళ్లింది" అని రాశాను. శనివారం సాయంత్రం వెళ్లింది. ఎంత తెలివి. కాళ్లొచ్చి నడిచి వెళ్లిందా?

మార్చి 18, బుధవారం

అమ్మకి చెప్పాను.

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని వెంట్రుకలు విడదీస్తోంది, కుదుళ్లు ఒకవైపు, కొసలు ఒకవైపు. పది వెంట్రుకలు తలకిందులుగా కలిసినా చాలు, తల మొత్తం చిక్కు పడుతుంది. అందుకని ఆ పని ఇప్పటికీ ఎవరికీ ఇవ్వదు. నేను చెప్తుంటే చేతులు ఆగలేదు. అంతా విన్నాక, ఆ పేర్లు ఏమేం పెట్టావో చదువు అంది. తప్పుగా పంపడం గురించి అడుగుతుందనుకున్నాను. పేర్లు అడిగింది.

చదివాను. డెబ్భై ఒకటీ చదివించింది. ముప్ఫయ్యోది దాటాక ఆపబోతే, నీళ్లు తాగి చదవమంది.

"పేర్లు రాయొద్దన్నాను గానీ, పేర్లు పెట్టమన్నానా?" అంది.

అంతే అంది. పిల్లాణ్ణి అనవసరంగా తిట్టానే అని కాసేపటికి గొణుక్కుంది. నేను చెక్కతలల గుడ్డలు మళ్లీ దులిపాను. నా మీద నాకు వచ్చినంత కోపం ఈ పదిరోజుల్లో ఎవరి మీదా రాలేదు. అది ఎవరి మీద వెయ్యాలో తెలియక ఆ గుడ్డల్ని చావబాదాను.

మార్చి 19, గురువారం

తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశాడు. అమ్మ చెప్పేసినట్టుంది. నాకు వచ్చిన రోజే తెలిసిందక్కా, రెండు మెయిళ్లూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అన్నాడు. మరి ఎందుకు మోశావురా అంటే, నువ్వు పాపిడి చెడగొట్టుకుంటూ కూర్చున్నావు, చూడలేకపోయాను అన్నాడు. నువ్వు చేసింది సాయం కాదు, నన్ను అయిదు రోజులు అబద్ధంలో ఊరబెట్టావు అని వాడి మీద కూడా అరిచాను. అరిచాక, ఇంకేం చెయ్యాలో చెప్పు అన్నాను.

చెప్పాడు. ఈసారి కాగితం మీద రాసుకున్నాను, నా చేత్తో.

మార్చి 21, శనివారం

మూడు రోజులుగా అదే పని. ముందు కంప్యూటర్లో గుర్తు పేర్లన్నీ తీసేశాను. తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో మెయిల్. పంపే ముందు ప్రతిదాంట్లో పైన ఒక్క అడ్రసే ఉందా అని మూడుసార్లు చూస్తున్నాను. సాంకేతికం అన్న మాట లేదు. "మీ పేరు, మీ సంగతి అందరికీ తెలిసేలా చేసింది నేను. ఆ పేరు పెట్టిందీ నేనే. మా తమ్ముడు వద్దన్నా పంపాను. మీ అడ్రసు మా దగ్గర ఉండాలో వద్దో మీరు చెప్పండి. వద్దంటే ఇవాళే తీసేస్తాను, చెప్పకపోతే వద్దన్నట్టే అనుకుంటాను." మొదటి పదిమందికీ క్షమించమని కూడా రాశాను. పదకొండో దగ్గర ఆ మాట తీసేశాను. తప్పు చేసి, పైగా వాళ్లనే ఇంకో పని అడిగినట్టుంది.

అందరికీ ఒకేసారి పంపితే నిమిషం పని. నలభై ముగ్గురికి పంపేసరికి వేళ్లు పీకుతున్నాయి. పీకనీ.

హెడ్మిస్ట్రెస్‌కి ఉత్తరం కాదు, బడికే వెళ్లాను. గేటు బయట నిలబడి, సాయంత్రం ఆవిడ వచ్చేదాకా ఆగాను. కట్టుబాటు ప్రకారం ఆవిడ పలకరించేదాకా నోరు విప్పలేదు. "చెప్పండి" అంది. తమ్ముడు కాదండీ, నేను అన్నాను. "తెలుసు. ఆరోజు మీరు నాకేసి చూడలేదు" అంది. కారెక్కింది.

మార్చి 25, బుధవారం

ఇరవై ఇద్దరు తీసెయ్యమన్నారు. తీసేశాను. తొమ్మిదిమంది ఉంచమన్నారు. సూదిమందు బామ్మ, తన పేరు తనకి బాగుందనీ, మార్చితే ఊరుకోననీ రాసింది. అది చదివి నవ్వొచ్చింది, నవ్వినందుకు కోపమొచ్చింది. ఒకాయన తన భార్యకి ఇన్నేళ్లూ తెలియదని, ఇప్పుడు తెలిసిందని ఒక్క వాక్యం రాశాడు. జవాబు ఏం రాయాలో తమ్ముడి కాగితంలో లేదు. గుమాస్తా ఆవిడ చెల్లెలు ఆ ఒక్క చుక్క అలాగే ఉంచింది. ఉంచనీ. అది అబద్ధం కాదు.

మిగతావాళ్లు ఏమీ చెప్పలేదు. చెప్పనివాళ్లవీ తీసేశాను.

ఆ అమ్మాయి కూడా చెప్పలేదు.

మార్చి 27, శుక్రవారం

వచ్చింది.

ముందు తలుపులోంచే వచ్చింది. తలకి స్కార్ఫ్ కట్టుకుని ఉంది, చేతిలో సంచి. నేను లేచి నిలబడ్డాను. వెనక గదికి తనే ముందు నడిచింది. సంచిలోంచి తల తీసి బల్ల మీద పెట్టింది. పోయినేడు నేను చేసినదే. మాడు మీద అరచేయంత ఖాళీ. వెంట్రుకలు ముడివేసే అడుగు జాలీ తేలిపోయింది. ఈ రెండు వారాల్లో ఆ విగ్గు వెంట్రుకలే పీకేసుకుంది. చెవి వెనక దారప్పోగు మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. అది నేనిచ్చినది కదా, ముట్టుకోలేదు.

నాకు ఏడుపొచ్చింది. తన ముందు ఏడవకూడదని పళ్లు బిగించాను. ఈ ఏడుపు కూడా తను ఓదార్చాల్సి వస్తే ఇంకేముంది?

"నాకు సోమవారానికి తల కావాలి. బడికి వెళ్లాలి" అంది. "మీ మెయిల్ చదివాను. నాకింకా కోపంగానే ఉంది. కానీ ఇంకెక్కడికి వెళ్లాలో నాకు తెలీదు. అందుకే వచ్చాను."

మీరు అంది. పదకొండేళ్ల తర్వాత.

సోమవారం పొద్దున ఏడింటికల్లా ఇస్తానన్నాను. తన పేజీ చూడాలంది. పుస్తకం తీసి ముందు పెట్టాను. పెన్సిల్‌తో నేను రాసినది నేను చెరపలేదు, వాళ్లు చూడకుండా చెరపడం దొంగపని అనిపించి అలాగే ఉంచాను. ఆ పేరు చదివింది. తర్వాత టేపు కింద ఉన్న కుచ్చు చూసింది. దాన్నే చాలాసేపు చూసింది. "ఇది నాదేనా? నా జుట్టు ఇంత మెత్తగా ఉండేదా?" అంది. పద్నాలుగో ఏట తీసిన కుచ్చు అది. గోటితో టేపు మెల్లగా లేపి, కుచ్చు తీసి, కాగితంలో చుట్టుకుని సంచిలో పెట్టుకుంది. అడ్రసు తీసేశాను, మళ్లీ రాసుకోవాలా అని అడిగాను. పెన్సిల్ తీసుకుని నేను రాసిన పేరు కిందే "వద్దు" అని రాసింది. ఫోన్ నంబరు కూడా వద్దంది. తనే వస్తుందట, అవసరమైతే.

కొలత తీసుకున్నాను. నా చేతులు తన నుదుటికి తగిలినప్పుడు కళ్లు మూసుకుంది, ఎప్పటిలా. టేపు చుట్టేస్తూ, పోగు పెట్టాలా అని అడిగాను.

స్కార్ఫ్ మళ్లీ కట్టుకుంది.

"పెట్టండి" అంది.

మార్చి 30, సోమవారం

ఏడుకి అయిదు నిమిషాల ముందు ఇచ్చాను. శనివారం, ఆదివారం తమ్ముడు పక్కన కూర్చుని దారాలు అందించాడు. ఒక్క ముడి తనే వేస్తానని సరదా పడ్డాడు. వద్దన్నాను. తర్వాత వెయ్యనిచ్చాను, లోపలివైపు, కనబడని చోట. వంకరగా వేశాడు. విప్పి మళ్లీ వేశాను.

కొలతల పుస్తకంలో పెన్సిల్ పేర్లన్నీ చెరపడం మొదలుపెట్టాను. కొన్ని చెరిగాక కూడా కాగితం మీద గాట్లు కనబడుతున్నాయి. గట్టిగా రాసే అలవాటు నాకు.

ఏప్రిల్ 2, గురువారం

బస్టాపు దగ్గర ఆ అమ్మాయి కనబడింది. చుట్టూ నలుగురు బడిపిల్లలు, చేతిలో పాటల పుస్తకం. మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచెయ్యి చెవి వెనక్కి వెళ్లింది, పోగు లాగింది, దిగింది. నన్ను చూసింది. చూడనట్టు అటు తిరిగింది.

నేనూ ముందు నడిచాను. వాళ్లు పలకరిస్తేనే పలకాలి. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు బయట కనబడింది. ప్రతిసారీ కట్టుబాటు తనే తప్పి, పరిగెత్తుకుంటూ వచ్చి అక్కా అనేది. బయట పలకరించకూడదే అని నేనే కసురుకునేదాన్ని.